వెయ్యి హెక్టార్ల ఊహా అడవి: కలపకూ రక్షణకూ మధ్య లెక్కల డైరీ

జూన్, మొదటి వారం

ప్రభుత్వ అడవిలో కలప తీస్తూనే ముసలి చెట్లను, వాగులను, వాటిని నమ్ముకున్న జీవాలను నిలుపుకోవాలంటే ఏడాదికి ఎంత కలప వదులుకోవాలి? దీని మీద వాదనలు చాలా చదివాను. అంకెలు ముందు పెట్టుకుని మాట్లాడేవాళ్లు తక్కువ. అందుకే కంప్యూటర్లో వెయ్యి హెక్టార్ల ఊహా అడవిని కట్టి, ఒక్కో రక్షణ నియమం పెట్టి, దాని ఖరీదు ఎంతో రాసుకుంటూ పోదామని మొదలుపెట్టాను.

అడవి ఊహే కానీ నియమాలు నిజమైనవి. ఎక్కువగా అమెరికా జాతీయ అడవుల నుంచి తీసుకుంటున్నాను. ఈ తగాదా అక్కడ కోర్టుల్లో, చట్టసభల్లో బాగా నలిగింది, కాగితం మీద దొరుకుతుంది. 1980ల చివర్లో ఆ అడవుల నుంచి ఏడాదికి దాదాపు 1,200 కోట్ల బోర్డు అడుగుల (అడుగు పొడవు, అడుగు వెడల్పు, అంగుళం మందం ఉన్న పలక ఒక బోర్డు అడుగు) కలప వచ్చేది. 2000ల మొదటికి అది 200 కోట్ల దరిదాపులకు పడిపోయింది. ఈ మధ్యలో 1990లో, ముసలి అడవుల్లో బతికే ఉత్తర చుక్కల గుడ్లగూబను ముప్పున్న జాతుల జాబితాలో చేర్చారు. 1991లో కోర్టు కలప అమ్మకాలను ఆపింది. 1994లో ఆ గుడ్లగూబ ఉండే ప్రభుత్వ అడవుల కోసం వాయవ్య అటవీ ప్రణాళిక వచ్చింది. దాని పరిధి దాదాపు 2.45 కోట్ల ఎకరాలు.

నా అడవి 40 గళ్లు పొడవు, 25 గళ్లు వెడల్పు. గడికి ఒక హెక్టారు. మొదట సున్నా నుంచి 70 ఏళ్ల దాకా అన్ని వయసుల చెట్లూ సమాన విస్తీర్ణంలో ఉన్నాయని పెట్టాను, అంటే ఒక్కో ఏడాది వయసుకు 14.3 హెక్టార్లు. కలప కోసమే పెంచిన అడవి ఆదర్శంగా ఎలా ఉండాలని పాత జర్మన్ అటవీ శాస్త్రం చెప్పిందో అదే ఈ ఏర్పాటు.

జూన్, మూడో వారం

దిగుబడి పట్టిక తయారైంది. అంకెలు నావే. ఏ ఒక్క జాతికీ చెందినవి కావు గానీ, ఒకే వయసు చెట్లున్న అడవి పెరిగే తీరును అనుసరించి వేశాను. హెక్టారుకు నిలిచి ఉన్న కలప 40 ఏళ్లకు 210 ఘనపు మీటర్లు, 50కి 290, 60కి 365, 70కి 430, 80కి 485, 90కి 530, 100కి 565.

వీటిని వయసుతో భాగిస్తే ఏడాదికి సగటు పెరుగుదల వస్తుంది. 50 ఏళ్ల దగ్గర అది 5.8. 70 దగ్గర 6.14కి చేరి, అక్కడి నుంచి మెల్లగా దిగుతుంది. 100 దగ్గర 5.65. అంటే ఈ నేల నుంచి అత్యధిక కలప రావాలంటే చెట్టును 70 ఏళ్ల దాకా ఆగి కొట్టాలి. అలా చేస్తే ఏడాదికి 6,143 ఘనపు మీటర్లు వస్తాయి. ఇక మీదట ప్రతి పోలికా ఈ అంకెతోనే.

సొంత అడవి ఉన్నవాళ్లు 70 దాకా ఎందుకు ఆగరో కూడా ఈ పట్టికే చెబుతుంది. 40, 50 ఏళ్ల మధ్య కలప ఏడాదికి 3.3 శాతం చొప్పున పెరుగుతుంది. 50 దాటాక అది 2.3 శాతానికి పడుతుంది, 60 దాటాక 1.65కి. డబ్బుకు మూడు శాతం వడ్డీ లెక్కగట్టే యజమానికి 50 దాటిన చెట్టు నష్టపు పెట్టుబడిలా కనిపిస్తుంది. జర్మన్ అటవీ నిపుణుడు మార్టిన్ ఫౌస్ట్‌మన్ 1849లోనే ఈ లెక్కకు సూత్రం ఇచ్చాడు. నేల అద్దెను కూడా కలిపితే కోత వయసు ఇంకా తగ్గుతుంది.

ప్రభుత్వ అడవికి వడ్డీ తొందర లేదు. అమెరికాలో 1976 నాటి జాతీయ అటవీ నిర్వహణ చట్టం కూడా, సగటు పెరుగుదల గరిష్ఠానికి చేరాకే సాధారణంగా చెట్లను కోతకు తీసుకోవాలంటుంది. నన్నడిగితే ప్రజల అడవికి, ప్రైవేటు తోటకు మధ్య మొదటి తేడా ఇదే. మిగతా రక్షణ నియమాలన్నీ దీని తర్వాతే.

జులై, మొదటి వారం

కోత వయసును 70 నుంచి 100కి పెంచి చూశాను. ఏడాదికి 10 హెక్టార్లు, హెక్టారుకు 565, మొత్తం 5,650 ఘనపు మీటర్లు. తగ్గుదల ఎనిమిది శాతమే! పైగా ఏ సమయంలో చూసినా 300 హెక్టార్లలో 70 దాటిన చెట్లుంటాయి. 70 ఏళ్లకే కొడితే అలాంటి చోటు ఒక్క గజం కూడా ఉండదు. ఇరవై ఏళ్లలోపు చెట్లున్న బోడి నేల కూడా 286 హెక్టార్ల నుంచి 200కి తగ్గుతుంది.

ఎనిమిది శాతానికి ఇంత వస్తే ఇక గొడవెందుకు అనిపిస్తుంది. అయితే ఇది అడవి కొత్త పద్ధతిలో స్థిరపడ్డాక వచ్చే అంకె. స్థిరపడే దాకా ఏమవుతుందో చూద్దామని ఏడాదికేడాది నడిపించాను.

అడవిలో ఈ రోజున 70 దాటిన చెట్టే లేదు. ఏడాదికి పది హెక్టార్లే కొడితే మొదటి ఏడు వచ్చేది 4,300 ఘనపు మీటర్లు. అంటే మొదటి రోజునే ముప్పై శాతం తగ్గుదల. ముసలివాటిని ముందు కొడుతూ పోతే, కోతకొచ్చే చెట్టు వయసు పదేళ్లకు మూడేళ్ల చొప్పున పెరుగుతుంది. ముప్పయ్యో ఏట 4,800. యాభయ్యో ఏట 5,080 దాకా. 5,650 చేరడానికి సరిగ్గా వందేళ్లు పడుతుంది.

ఈ ప్రాజెక్టులో ఇప్పటిదాకా దొరికిన అసలు విషయం ఇదేనని నా నమ్మకం. రక్షణ ఖరీదు చివరి అంకెలో కనపడదు, మారే కాలంలో ఉంటుంది. ఎనిమిది శాతం అని చెప్పే నివేదిక అబద్ధం చెప్పడం లేదు. కానీ ఆ ఎనిమిది శాతం మూడు తరాల తర్వాతి వాళ్లది. ముప్పై శాతం ఇప్పుడు రంపపు మిల్లులో పనిచేస్తున్న వాళ్ల మీద పడుతుంది.

జులై, మూడో వారం

ఇంకో దారి కూడా నడిపించాను. కోత వయసు 70గానే ఉంచి, 300 హెక్టార్లను పూర్తిగా వదిలేయడం. మిగిలిన 700లో ఏడాదికి పది హెక్టార్లు, 4,300 ఘనపు మీటర్లు. మొదటి ఏడు చూస్తే రెండు పద్ధతుల్లోనూ వచ్చే కలప ఒకటే! తేడా ఆ తర్వాత మొదలవుతుంది. వదిలేసే పద్ధతిలో దిగుబడి ఎప్పటికీ 4,300 దగ్గరే ఉంటుంది. ఆలస్యంగా కొట్టే పద్ధతిలో మెల్లగా పెరుగుతుంది.

మరి వదిలేస్తే వచ్చే లాభం? వందో ఏట ఆ 300 హెక్టార్లలోని చెట్ల వయసు 100 నుంచి 170 దాకా ఉంటుంది. ఆలస్యపు కోతలో వందో ఏటికి అడవి మొత్తం ఒకసారి రంపం కింద పడి లేచినట్టే. వందేళ్లు దాటిన చెట్టు ఒక్కటీ మిగలదు. చుక్కల గుడ్లగూబ లాంటి జీవికి ఈ తేడా ప్రాణాధారం. పెద్ద తొర్రలు, విరిగిన తలలున్న మాన్లు, పైనుంచి కింది దాకా పొరలు పొరలుగా కొమ్మలు దానికి కావాలి. అవి 70, 80 ఏళ్ల అడవిలో అరుదు.

వదిలేసే 300 హెక్టార్లను ఎక్కడ పెట్టాలన్నది తర్వాతి పని. మ్యాపు మీద రెండు రకాలుగా గీశాను. ఒకటి 15 గళ్లు, 20 గళ్ల ఒకే పెద్ద ముక్క. రెండోది అడవంతా చల్లిన 12 చిన్న ముక్కలు, ఒక్కోటి 25 హెక్టార్లు. అడవిని కొట్టిన చోటు పక్కనుంటే ఎండ, గాలి లోపలికి చొచ్చుకొస్తాయి. నేల ఆరుతుంది, అంచు చెట్లు గాలికి పడిపోతాయి. అమెరికా పసిఫిక్ వాయవ్య ప్రాంతపు ముసలి డగ్లస్ ఫర్ (సూదుల్లాంటి ఆకుల పెద్ద చెట్టు) అడవుల్లో శాస్త్రవేత్తలు జిక్వాన్ చెన్, జెర్రీ ఫ్రాంక్లిన్, థామస్ స్పైస్ 1990లలో కొలిచినప్పుడు, ఈ అంచు ప్రభావం 30 మీటర్ల నుంచి 240 మీటర్లకు పైగా లోపలికి వెళ్తున్నట్టు తేలింది.

నా గళ్లలో అంచు వంద మీటర్లనుకుంటే పెద్ద ముక్కలో నిజమైన లోపలి అడవి 234 హెక్టార్లు, చిన్న ముక్కలన్నిట్లో కలిపి 108. అంచు రెండు వందల మీటర్లయితే పెద్దదానిలో 176. చిన్నవాటిలో? ముక్కకు ఒక్క హెక్టారు, మొత్తం 12. రెండు సందర్భాల్లోనూ వదులుకున్న కలపలో రవ్వంత తేడా లేదు. ఎంత వదిలారు అని అడిగే ముందు ఎక్కడ వదిలారు అని అడగాలని ఈ అంకెలు చూశాక గట్టిగా అనిపించింది.

ఒకప్పుడు అమెరికా అటవీశాఖ చిన్న చిన్న కూపులను (ఒక విడతలో కొట్టే అడవి ముక్కలను) అడవంతా చల్లినట్టు కొట్టేది. ఒకే చోట పెద్దగా బోడి చేయకపోవడం మంచిదన్న ఉద్దేశం దాని వెనకుంది. ఫ్రాంక్లిన్, రిచర్డ్ ఫోర్మన్ కలిసి 1987లో చూపించింది ఏమిటంటే, ఈ చల్లుడు పద్ధతిలో అడవి సగం పోయేసరికి మిగిలినదంతా అంచుగా మారిపోతుంది. 1976 చట్టం తర్వాతి నిబంధనలు ఒక్కో కూపుకు గరిష్ఠ పరిమాణం పెట్టాయి. చాలాచోట్ల 40 ఎకరాలు, పశ్చిమ తీరపు డగ్లస్ ఫర్ అడవుల్లో 60. పెద్ద గాయాన్ని ఆపడానికి పెట్టిన ఈ పరిమితి, కూపులను జాగ్రత్తగా అమర్చకపోతే చిన్న గాయాలను పెంచుతుంది.

ఆగస్టు, రెండో వారం

వాగులు. పది చదరపు కిలోమీటర్ల అడవిలో 20 కిలోమీటర్ల వాగులున్నాయని పెట్టాను. ఐదు కిలోమీటర్లలో చేపలుంటాయి, ఐదు కిలోమీటర్లలో ఏడాది పొడవునా నీళ్లుంటాయి గానీ చేపలుండవు, మిగిలిన పది వానాకాలపు సన్న వాగులు.

1994 ప్రణాళిక చేపల వాగుకు ఇరువైపులా 300 అడుగులు, చేపల్లేని నిత్యప్రవాహానికి 150, వానాకాలపు వాగుకు 100 అడుగులు కనీసంగా పెట్టింది. అక్కడ పెరిగే పెద్ద చెట్ల ఎత్తును బట్టి ఇది ఇంకా పెరుగుతుంది. అడుగుల లెక్కే తీసుకుంటే నా అడవిలో చేపల వాగులకు 91 హెక్టార్లు, నిత్యప్రవాహాలకు 46, సన్న వాగులకు 61 పోతాయి. మొత్తం దాదాపు 200. అడవిలో ఐదో వంతు. చేపల వాగులకు మాత్రమే 30 మీటర్లు వదిలే నియమం పెడితే పోయేది 30 హెక్టార్లే.

ఈ తేడా చూసి ముందుగా సన్న వాగుల మీద కత్తెర పెట్టాలనిపిస్తుంది. నేను పెట్టను. కింది వాగులోకి మట్టి కొట్టుకొచ్చేది ఈ సన్న వాగుల నుంచే. చేపలకు మడుగులు కట్టే పెద్ద దుంగల్లో చాలా భాగం వచ్చేదీ ఇక్కడి నుంచే. పైన ఒడ్డు జారితే కింద ఎంత నీడ వదిలినా చేప గుడ్లు బురదలో కూరుకుపోతాయి. ఈ 200 హెక్టార్లను కదపరానివిగా గుర్తుపెట్టి, మిగతా నియమాలను మిగిలిన చోటే పరీక్షిస్తున్నాను.

ఆగస్టు చివర

కూపులో కొన్ని చెట్లు నిలిపే నియమం చేర్చాను. 1994 ప్రణాళిక కోతకిచ్చిన నేలలో ప్రతి కూపులో కనీసం 15 శాతం విస్తీర్ణాన్ని నిలపమంది. అందులో ఎక్కువ భాగం విడివిడి చెట్లుగా కాక గుంపులుగా ఉండాలంది. నిలిచిన గుంపుల్లోనే ఎండుమాన్లు, కుళ్లిన దుంగలు మిగులుతాయి. ఫిన్లాండ్‌లో అటవీ జీవజాతుల్లో నాలుగైదు వేలు, అంటే ఇరవై నుంచి పాతిక శాతం, చచ్చిన కలప మీద ఆధారపడినవే. శుభ్రంగా ఉన్న అడవి చాలా జీవాలకు ఖాళీ ఇల్లు.

సెప్టెంబరు, రెండో వారం

ఎక్సెల్ షీటు చాలడం లేదు. పైథాన్‌లో పల్ప్ అనే లైబ్రరీతో లీనియర్ ప్రోగ్రామింగ్ (పెట్టిన నియమాలకు లోబడి అత్యధిక ఫలితాన్ని వెతికే లెక్క) మోడల్ రాశాను. ఏ గడిని ఏ దశాబ్దంలో కొట్టాలో సాల్వర్, అంటే ఆ లెక్కను చేసే ప్రోగ్రామ్, తేలుస్తుంది. అమెరికా అటవీశాఖ 1980లలో ఫోర్‌ప్లాన్ అనే ప్రోగ్రామ్‌తో చేసిన పని ఇలాంటిదే, చాలా పెద్ద ఎత్తున.

ఒక పరీక్ష నన్ను కలవరపెట్టింది. ముసలి చెట్లు ఎక్కువున్న మరో ఊహా అడవిని పెట్టి, కోత ఏ దశాబ్దంలోనూ తగ్గకూడదన్న నియమంతో నడిపాను. తర్వాత ఒకే ఒక్క అంకె మార్చాను: రేపు నాటే మొక్కలు ఇరవై శాతం వేగంగా పెరుగుతాయని. నేల మీద ఒక్క మొక్క కూడా నాటలేదు, అయినా సాల్వర్ ఈ దశాబ్దపు కోతను పెంచేసింది. భవిష్యత్తులో ఎక్కువ వస్తుంది కాబట్టి నేటి ముసలి చెట్లను త్వరగా కొట్టవచ్చని దాని లెక్క. అటవీ ఆర్థికశాస్త్రంలో ఇది పాత సంగతే, పేరున్న సంగతే. కానీ తెర మీద చూస్తే, ప్రణాళికల్లో ఎదుగుదల అంచనా ఎంత రాజకీయమో అర్థమవుతుంది. అందుకే నా మోడల్‌లో కొత్త మొక్కలకు పాత పట్టికే వాడుతున్నాను. మెరుగుదల నేల మీద కనిపించాక లెక్కలో చేర్చవచ్చు.

కోత పెంచమనే ఒత్తిడి ఎక్కడి నుంచి వస్తుందో కూడా ఇక్కడే రాసుకోవాలి. 1908 నాటి అమెరికా చట్టం ప్రకారం జాతీయ అడవుల ఆదాయంలో పాతిక శాతం స్థానిక బడులకు, రోడ్లకు వెళ్తుంది. కలప అమ్మకాలు పడిపోగానే ఆ బడులు ఇబ్బందిలో పడ్డాయి. 2000లో ప్రత్యేక చట్టం చేసి ఆ డబ్బును కలపతో ముడి లేకుండా ఇవ్వాల్సి వచ్చింది. పిల్లల బడి ఖర్చును నరికిన చెట్ల లెక్కకు కట్టేస్తే అక్కడి అమ్మానాన్నలు అడవి వైపు ఎలా నిలబడతారు? వాళ్లను అడవి శత్రువులని ముద్ర వేయడం అన్యాయం.

న్యూజిలాండ్ పూర్తిగా వేరే దారిలో వెళ్లింది. ప్రభుత్వ స్థానిక అడవుల్లో కోతను 2002 నాటికి ఆపేసి, కలప అవసరాన్ని రేడియేటా పైన్ తోటల మీద పెట్టింది. దశాబ్దాల ముందే తోటలు వేసి ఉండబట్టి అది కుదిరింది.

అక్టోబరు, మొదటి వారం

అన్నీ కలిపిన ప్రణాళిక నడిపాను. వాగుల వెంట 200 హెక్టార్లు. 150 హెక్టార్ల ఒకే పెద్ద ముక్క, అందులో 30 వాగుల పట్టీలోనే పడింది కాబట్టి అదనంగా పోయేది 120. మిగిలిన 680లో 15 శాతం నిలిపితే కోతకు దక్కేది 578 హెక్టార్లు. కోత వయసు 90.

స్థిరపడ్డాక ఏడాదికి వచ్చేది 3,400 ఘనపు మీటర్లు. మొదటి అంకె 6,143లో 55 శాతం. కోత వయసు 70 పెట్టినా 3,550 దాటదు. నేల ఒకసారి తగ్గాక వయసు పెంచడానికి అయ్యే ఖర్చు చాలా చిన్నది. 70 దాటిన చెట్లుండే నేల 550 హెక్టార్లకు చేరుతుంది. కలప 55 శాతం, ముసలి అడవి 55 శాతం. ఈ రెండు అంకెలూ యాదృచ్ఛికంగా కలిశాయి గానీ, రెండు వైపులా ఎవరికీ అన్నీ దక్కవని చెప్పడానికి పనికొస్తాయి. కలప తగ్గకుండానే అడవిని కాపాడతామనే మాటను నేను నమ్మను. 45 శాతం తగ్గుతుందని ముందే చెప్పి, ఒప్పించి చేయాలి.

అక్టోబరు, మూడో వారం

మారే కాలం సంగతి తేల్చాలి. పై ప్రణాళికలో మొదటి ఏడు కోత 6.4 హెక్టార్లు. చెట్లకు ఇంకా 70 ఏళ్లే కాబట్టి 2,760 ఘనపు మీటర్లు మాత్రమే వస్తాయి.

ఇక్కడ థిన్నింగ్ చేర్చాను. వాగుల పట్టీ తప్ప మిగిలిన 800 హెక్టార్లలో, నలభై ఏళ్లకు చేరిన ప్రతి చోటా హెక్టారుకు 50 ఘనపు మీటర్ల చొప్పున తీసి పలచన చేయడం. రక్షిత ముక్కలో కూడా. అక్కడ రంపం ఎందుకని అడగవచ్చు. కలప కోసం దగ్గరదగ్గరగా నాటిన కుర్ర అడవిని అలాగే వదిలేస్తే చాలాకాలం సన్నగా, ఒకే ఎత్తులో, చీకటిగా ఉండిపోతుంది. పలచన చేస్తే మిగిలిన చెట్లు లావెక్కుతాయి, కింద పొదలు లేస్తాయి. 1994 ప్రణాళిక కూడా రక్షిత అడవుల్లో, కాస్కేడ్ పర్వతాలకు పశ్చిమాన, 80 ఏళ్లలోపు చెట్లలో ఇందుకు అనుమతి ఇచ్చింది.

ఏడాదికి 11.4 హెక్టార్లు పలచన చేస్తే 570 ఘనపు మీటర్లు వస్తాయి. మొదటి ఏటి మొత్తం 3,330. చివరికి చేరాల్సిన 3,400కి దాదాపు సమానం! పలచన వల్ల చివరి కోతలో కొంత తగ్గుతుందని పెట్టాను. ఆ ప్రభావం దాదాపు మొదటి నలభై ఏళ్ల దాకా పడదు, అప్పటిదాకా కోతకొచ్చేవి ఈ రోజే నలభై దాటిన చెట్లు. అంటే మిల్లు ఒకసారి చిన్నదవుతుంది గానీ, మూతపడి యాభై ఏళ్ల తర్వాత తెరుచుకోవాల్సిన అవసరం రాదు. సన్న దుంగలు కోయగల యంత్రాలు ఉండాలి, అంతే. రక్షణ కోరేవాళ్లు థిన్నింగ్‌ను అనుమానంగా చూడటం నాకు అర్థమవుతుంది. ఆ పేరుతో పెద్ద చెట్లు పోయిన సందర్భాలున్నాయి. అందుకే వయసు పరిమితిని మోడల్‌లో గట్టి నియమంగా పెట్టాను. సాల్వర్ దాన్ని దాటలేదు.

అక్టోబరు చివర

మిగిలింది నిప్పు. ఏడాదికి అర శాతం అడవి కాలుతుందనుకుంటే, ఒక గడి 70 ఏళ్లు కాలకుండా నిలిచే అవకాశం 70 శాతం, వందేళ్లకు 61. పెద్ద ముక్క ఒకే మంటలో పోవచ్చు. చిన్నవి పన్నెండూ ఒకేసారి పోవడం కష్టం. అంచుల లెక్క పెద్ద ముక్కను సమర్థిస్తే మంటల లెక్క దాన్ని ప్రశ్నిస్తుంది. అందుకని 150 హెక్టార్ల ముక్కను 75 చొప్పున రెండుగా చేసి, మధ్యలో వాగు పట్టీ వచ్చేలా మ్యాపు మళ్లీ గీస్తున్నాను. కాలిన చెట్లను కూపుల్లో తీయవచ్చు, రక్షిత ముక్కల్లో తీయకూడదని నియమం రాశాను. కాలిన గడి వయసు సున్నాకి వెళ్తుంది, కానీ రక్షిత ముక్కలోని గడి రక్షితంగానే ఉంటుంది, ఒక్కసారి కాలిందని కోత జాబితాలోకి మారదు. ఈ చివరి షరతును కోడ్‌లో అన్నిటికన్నా పైన పెట్టాను.